విశాఖ నగరంలో విద్యుత్ తీగల భూగర్భీకరణ: ఒక పరిశీలన

2014 అక్టోబరు 12 మధ్యాహ్నం హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణం వద్ద తీరం దాటింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి స్తంభాలు ఒరిగాయి, చెట్లు తీగలపై కూలాయి. నగరం రోజుల తరబడి చీకట్లో ఉండిపోయింది. మోటార్లు ఆగడంతో మంచినీళ్లకూ కటకట ఏర్పడింది. తీగలను భూమిలోకి దింపే ఆలోచన ఆ తరువాతే కార్యరూపం దాల్చింది. 2015లో ప్రపంచబ్యాంకు ఆమోదించిన 25 కోట్ల డాలర్ల రుణంతో చేపట్టిన ఆంధ్రప్రదేశ్ విపత్తు పునరుద్ధరణ పథకంలో ఇది ఒక భాగం. తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ఆధ్వర్యంలో నగరంలోని 33, 11 కిలోవోల్టుల లైన్లను భూగర్భ కేబుళ్లుగా మార్చే పని సాగింది.

విశాఖలో తీగలకు గాలి ఒక్కటే శత్రువు కాదు. సముద్రపు ఉప్పు, ఓడరేవులో బొగ్గు, ఇనుప ఖనిజాల నుంచి లేచే దుమ్ము ఇన్సులేటర్ల మీద పేరుకుంటాయి. మంచుకు తడిసినప్పుడు ఆ పొరే విద్యుత్తుకు దారి అవుతుంది. భూమిలోని కేబుల్‌కు ఈ బాధ లేదు.

అయితే భూగర్భీకరణ అంటే అదే తీగను గోతిలో పూడ్చడం కాదు. స్తంభాల మీది తీగకు చుట్టూ ఉన్న గాలే రక్షణ కవచం, చల్లబరిచేదీ గాలే. 33 కిలోవోల్టుల కేబుల్‌లో ఆ రక్షణనంతా 9 మిల్లీమీటర్లకు మించని పాలిథీన్ పొర ఇవ్వాలి. వేడి మట్టిలోంచే బయటికి పోవాలి. ఎండిన మట్టి ఆ వేడిని త్వరగా వదలదు. కేబుల్ ముక్కలను కలిపే జాయింట్లు మరీ సున్నితమైనవి. అక్కడ తేమ చేరితే కొంతకాలానికి లోపం తప్పదు.

‘కరెంటు తీశారు’, ‘కరెంటు పోయింది’ అనే మాటలలో మొదటిదానికి కర్త మనిషి, రెండవదానికి ప్రమాదం. కేబుల్ వచ్చాక గాలివానకు ‘పోవడం’ తగ్గుతుంది. పోయినప్పుడు మాత్రం తిరిగి రావడం ఆలస్యమవుతుంది. పైతీగ మీద కొమ్మ తగిలి తొలగితే లైను తిరిగి నిలబడవచ్చు. తెగిన తీగ కంటికి కనిపిస్తుంది. కేబుల్ లోపం తనంతట తాను నయం కాదు. విద్యుత్ స్పందనలను పంపి, అవి తిరిగివచ్చే కాలాన్ని బట్టి చోటు అంచనా వేసి, రోడ్డు తవ్వి, జాయింటు వేయాలి. మంచినీటి గొట్టం కోసమో, మురుగుకాలువ కోసమో తవ్వే యంత్రం తుపానుకు బదులు ముప్పుగా మారుతుంది. కేబుల్ మార్గాల పటాలు అన్ని శాఖలకూ అందుబాటులో ఉండవలసింది ఇందుకే.

అన్ని లైన్లనూ ఇలాగే దింపవచ్చు కదా అనే ప్రశ్న సహజం. కేబుల్‌లో తీగకూ, దాని లోహపు తొడుగుకూ మధ్య దూరం చాలా తక్కువ కనుక ప్రత్యావర్తన విద్యుత్తు ప్రతి ఆవృత్తిలోనూ ఆ మధ్యభాగాన్ని ఆవేశితం చేయవలసి వస్తుంది. వోల్టేజి, పొడవు పెరిగేకొద్దీ ఈ భారం పెరిగి, ఉపయోగపడే విద్యుత్తుకు చోటు తగ్గిపోతుంది. కొద్ది కిలోమీటర్ల 33 కిలోవోల్టుల కేబుల్‌కు ఇది లెక్కలోకి రాదు. 400 కిలోవోల్టుల వద్ద దూరాన్ని పరిమితం చేసేది ఇదే. ఏకముఖ విద్యుత్తుకు ఈ చిక్కు లేదు: 2021లో ప్రారంభమైన పుగలూరు–త్రిస్సూరు లైనులో కేరళలోని కొంత భాగం భూగర్భంలోనే సాగుతుంది. కానీ రెండు చివరలా మార్పిడి కేంద్రాలు కావాలి, వాటి వ్యయం అపారం.

అందువల్ల ఓడరేవుకూ, ఉక్కు కర్మాగారానికీ, నగర సబ్‌స్టేషన్లకూ దూరం నుంచి విద్యుత్తును తెచ్చే ప్రధాన లైన్లు ప్రధానంగా టవర్ల మీదనే నడుస్తున్నాయి. వీధిలో కేబుల్ చెక్కుచెదరకపోయినా టవరు కూలితే ఆ వీధికి వెలుగు ఉండదు. టవర్ల దృఢత్వాన్నీ, ప్రత్యామ్నాయ మార్గాలనూ పక్కనపెట్టి భూగర్భ కేబుళ్ల కిలోమీటర్లు మాత్రమే లెక్కించడం సగం లెక్కే.