ఉంగరపు వేలే రెక్కగా ఎగిరినవి

టెరోసార్లు డైనోసార్లు కావు, పక్షుల తాతముత్తాతలూ కావు. డైనోసార్లకు దగ్గరి చుట్టాలైన ఎగిరే సరీసృపాలు. సుమారు 22 కోట్ల ఏళ్ల కిందట కనిపించి, 6.6 కోట్ల ఏళ్ల కిందట అంతరించిపోయాయి. వెన్నెముక ఉన్న జీవుల్లో రెక్కలాడిస్తూ ఎగరడం నేర్చిన మొదటివి ఇవే.

రెండేళ్లుగా వీటి బొమ్మలు గీస్తూ, ఒక్కోదానికీ తెలుగులో ఒక పేజీ వివరణ రాస్తున్నాను. ఇంటర్నేషనల్ సిటీలో మాది సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. రాత్రి భోజనాలయ్యాక డైనింగ్ టేబులే నా డ్రాయింగ్ టేబుల్. పక్కనే ఉన్న డ్రాగన్ మార్ట్‌లో కొన్న పెద్ద కాగితాలు, పెన్సిళ్లు, ఒక స్కేలు. సామానంతా ఇంతే.

ఎవరైనా మొదట గీయాల్సింది రెక్కే. మీ చెయ్యి ఒకసారి చాచి చూసుకోండి. గబ్బిలం రెక్కలో పొడవాటి వేళ్లన్నీ గొడుగు ఊచల్లా పొరను పట్టుకుని ఉంటాయి. పక్షిలో వేళ్లు కుదించుకుపోయి, ఎగిరే పని ఈకలు చేస్తాయి. టెరోసార్‌లో మాత్రం నాలుగో వేలు ఒక్కటే విపరీతంగా సాగి రెక్కను మోస్తుంది. బొటనవేలి నుంచి లెక్కపెడితే అది మన ఉంగరపు వేలు! చాలా జాతుల్లో రెక్క పొడవులో సగానికి పైగా ఆ ఒక్క వేలే. మిగతా మూడు వేళ్లు చిన్నవి, గోళ్లతో విడిగా ఉంటాయి. చిటికెన వేలు లేనే లేదు. ఇది తెలిశాక, సినిమాల్లో గబ్బిలం రెక్కలు తగిలించి చూపించే వాటిని ఇట్టే పట్టేస్తాం.

నేను మూడు పెన్సిళ్లు వాడతాను. శిలాజంలో ఎముక ఉన్నచోట నల్లది. దగ్గరి జాతులను చూసి పూరించినచోట బూడిద రంగుది. ఎవరికీ తెలియని ఒంటి రంగు లాంటివి నా ఇష్టప్రకారం వేస్తే రంగు పెన్సిల్. వివరణ కూడా ఇదే వరసలో రాస్తాను.

ఈ పద్ధతి ఎందుకో చెప్పడానికి మాకు దగ్గర్లోనే ఒక ఉదాహరణ ఉంది. రాస్ అల్ ఖోర్ అభయారణ్యంలో ఫ్లెమింగోలు తల వంచి, ముక్కుతో నీళ్లు వడకట్టుకుని తింటుంటాయి. అర్జెంటీనాలో దొరికిన టెరోడాస్ట్రో అనే టెరోసార్ తిండి కూడా ఇలాంటిదే. హోసే బోనపార్టే 1970లో దానికి ఆ పేరు పెట్టారు. కింది దవడలో దువ్వెన పళ్లలా దాదాపు వెయ్యి సన్నని పళ్లు. అందుకే చాలామంది చిత్రకారులు దానికి ఫ్లెమింగో గులాబీ రంగు వేస్తారు. పళ్లు నల్ల పెన్సిల్ మాట, గులాబీ రంగు పెన్సిల్ మాట. రెండూ కలిపేస్తే చూసేవాళ్లకు రెండూ నిజాలే అనిపిస్తాయి.

గీయడం, వివరించడం అనగానే నాకు గుర్తొచ్చేది మేరీ యానింగ్. ఇంగ్లండ్‌లోని లైమ్ రీజిస్‌లో 1799లో ఒక పేద వడ్రంగి ఇంట పుట్టింది. సముద్రపు ఒడ్డున శిలాజాలు ఏరి అమ్ముకుంటూనే, వాటి బొమ్మలు గీసి ఉత్తరాల్లో పంపేది. 1828లో ఆమెకు దొరికిన టెరోసార్‌నే ఇప్పుడు డైమార్ఫొడాన్ అంటున్నాం. మరుసటి ఏడాది దాన్ని శాస్త్రలోకానికి వివరించింది మాత్రం విలియం బక్లాండ్. లండన్ జియలాజికల్ సొసైటీలో ఆడవాళ్లకు సభ్యత్వం 1919లో గానీ రాలేదు. అప్పటికి ఆమె పోయి 72 ఏళ్లు.

ఈ బొమ్మలన్నీ చూసి మా అమ్మాయి ఒకరోజు అడిగింది. "అమ్మా, మన ఊళ్ల వైపు ఇవి ఉండేవా?"

ఉండే ఉంటాయి. ప్రాణహిత ఒడ్డున, మహారాష్ట్రలోని సిరొంచ దగ్గర కోట అనే ఊరుంది. అటువైపు ఊళ్లలో తెలుగు బాగా వినిపిస్తుంది. ఆ ఊరి పేరు మీదే పిలిచే జురాసిక్ కాలపు రాళ్లలో దొరికిన కొన్ని ముక్కలకు 1974లో సోహన్ లాల్ జైన్ "కాంపిలోగ్నథోయిడీస్ ఇండికస్" అని పేరు పెట్టారు. ఆ జాతి పేరు జర్మనీలో దొరికిన మంచి అస్థిపంజరాలది. మన దగ్గర దొరికినవి చిన్న ముక్కలే. వాటితో కొత్త పేరు నిలుస్తుందా అని తర్వాతి పరిశోధకులు సందేహించారు.

అమ్మాయి మాత్రం పేజీ నిండా గీసి, రంగులేసి, పైన "మన గోదావరి టెరోసార్" అని రాయమంది. స్కూల్లో చూపించుకోవాలని దాని ఆశ. దేశం కాని దేశంలో పెరిగే పిల్లకి మనదంటూ ఒకటి కావాలని నాకూ ఉంటుంది. అయినా పొడవాటి తోక, పెద్ద కళ్లు ఉన్న జర్మనీ చుట్టం ఆకారాన్ని బూడిద చుక్కలతో గీశాను. దొరికిన ముక్కల మేరకే నల్ల గీత పెట్టాను. రంగు వేయలేదు. "ఇంతేనా?" అంది. "ఇప్పటికింతే. మిగతాది ఆ రాళ్లలోనే ఉండొచ్చు" అన్నాను. మూతి ముడుచుకుంది గానీ, స్కూలుకి ఆ కాగితమే పట్టుకెళ్లింది. చుక్కలెందుకో, నలుపెందుకో వాళ్ల టీచరుకు తనే చెప్పిందట.

మనదని గట్టిగా చెప్పుకోవడానికి ఎటూ ఒకటుంది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర, అదే కోట రాళ్లలో దొరికిన డైనోసార్ కోటసారస్. పి. యాదగిరి 1988లో దానికి పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది. సెలవులకు ఇండియా వెళ్లినప్పుడు షాపింగ్‌లో ఒక పూట తగ్గించుకుని పిల్లల్ని తీసుకెళ్లండి.

అందాకా ఈ వీకెండ్ పిల్లల చెయ్యి కాగితం మీద పెట్టి గీయండి. చిటికెన వేలు చెరిపేసి, ఉంగరపు వేలిని కాగితం అంచుదాకా సాగదీయండి. అక్కడి నుంచి పాదం దాకా ఒక పొర. పక్కన నాలుగు వాక్యాలు వాళ్ల చేతే తెలుగులో రాయించండి. రెక్క, వేలు, గోరు, పొర, తోక... కావలసిన మాటలన్నీ మన ఇంట్లో ఉన్నవే.