గనిపటమును గీయువాని యోగ్యత

పొలముగట్టు విషయమై తగవు పుట్టినచో మన గ్రామములలో గొలుసు తెప్పించి కొలిపింతురు. హద్దురాయి కంటికి గనుపించుచునే యుండును. కొలత తప్పెనని తోచినచో మరల కొలిపించుకొనవచ్చును. రామగుండము, గోదావరిఖని ప్రాంతముల నేలక్రింద అట్టి రాయి లేదు. పని జరుగుచున్న గనికిని, నీరునిండి విడువబడిన పాతగనికిని నడుమ మిగిలిన బొగ్గుగోడ యెంత మందమో తెలుపునది కాగితముమీది గీత యొక్కటియే. ఆ గీతను గీయువాడు గని సర్వేయరు. ‘బాయి’లోనికి దిగు కార్మికుడు అతనిని ఎఱుగకపోవచ్చును; కాని అతని లెక్కను నమ్మియే దిగుచున్నాడు.

గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి 2003 జూన్ 16వ తేదీన నీరు చొచ్చుకొనివచ్చి 17 మంది ప్రాణములు గోల్పోయిరి. ఝరియా బొగ్గుసీమలోని బాగ్‌డిగిలో 2001 ఫిబ్రవరిలో 29 మందియు, చాస్‌నాలాలో 1975 డిసెంబరు 27న 375 మందియు నీటివాతనే పడిరి. వీనికన్నిటికిని కారణమొక్కటే యని మేమనము. నేలక్రింది నీరు ఎట్టి శత్రువో మాత్రము వీనివలన తెలియుచున్నది.

విడువబడిన పనులకు 60 మీటర్ల లోపలికి వచ్చినచో ఇన్‌స్పెక్టరుల అనుమతి లేక ముందునకు త్రవ్వరాదని 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు శాసించెను. మంచిదే. కాని ఆ 60 మీటర్లను ఎచటినుండి లెక్కింపవలెను? పాతపటము నుండియే కదా! ఆ పటమును అయస్కాంతసూచితో గీచియుండిరేని, సూచి చూపు ఉత్తరము ఏండ్లు గడచినకొలది జరుగుచుండును. గని మూతపడుటకు ముందు కడపటి నెలలలో తీసిన బొగ్గు పటముపై నెక్కెనో లేదో! నేటి కొలతయంత్రమెంత సూక్ష్మమైనను పాతపటములోని తప్పును దిద్దజాలదు.

కావుననే సర్వేయరు పనికి ధనబాదునందలి గనుల భద్రతాశాఖవారి పరీక్షలో నెగ్గి యోగ్యతాపత్రము పొందవలెనను నియమ మేర్పడినది. గనిలో కొలతపని చేసిన అనుభవమును చూపవలెను. ఇంతవరకు ఆక్షేపణ లేదు.

మాకు ముఖ్యముగా తోచున దింకొకటి. ఆ 1957 నిబంధనలలోనే, సర్వేయరు పుటలసంఖ్య వేసిన యొక బైండు పుస్తకముంచి, పనులు గనిహద్దునకుగాని నీరునిండిన పాతపనులకుగాని సుమారు 120 మీటర్ల దూరమునకు వచ్చినప్పుడు ఆ సంగతియు, పటముల యథార్థతనుగూర్చి తనకు గల సంశయములును అందు వ్రాసి, తేదీతో సంతకము చేయవలెననియు, మేనేజరు దానిక్రింద సంతకము చేయవలెననియు నుండెను. సంశయమును వ్రాయుట విధిగా నెంచిన చట్టములు మన దేశమున నెన్ని యున్నవో!

అయితే సర్వేయరు జీతగాడు. అతడు సంశయము వ్రాసినచో పని నిలిచిపోవును, ఉత్పత్తి తగ్గును, పై యధికారులకు సమాధానము చెప్పవలసినవాడు ఆ మేనేజరే. అట్టిచో ఆ పుస్తకపు పుటలు తెల్లగా నుండిన నాశ్చర్యమేమి? సింగరేణి కంపెనీలో తెలంగాణ ప్రభుత్వమునకు 51 పాళ్లును, కేంద్రమునకు 49 పాళ్లును గలవు. కావున ఇచట యజమాని ప్రజలే యనవచ్చును.

ఆ పుస్తకములోని ప్రతి సంశయమునకు నకలు మేనేజరుతో పాటు ఆ దినముననే ఇన్‌స్పెక్టరునకును, కార్మికుల ప్రతినిధికిని పోవలెను. పాతగనిని సమీపించు ప్రతి సందర్భమునను వేఱొక గనికి చెందిన సర్వేయరు స్వతంత్రముగా కొలిచి పటమును సరిచూడవలెను. ఆ రెండవ కొలతకగు వ్యయము ఒక్కదినపు బొగ్గు వెలకు మించదని మా నమ్మకము.