పేరు ఊరు దాటితే

ఫేమస్ ఫైవ్ పుస్తకాలను వంతులేసుకుని చదివిన తరం మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది. రాసినావిడ పేరును అట్ట మీద చూసి ‘ఎనిడ్ బ్లైటన్’ అని చదువుకున్నాం. సరిదిద్దినవాళ్లు లేరు. 1897లో లండన్‌లో పుట్టిన ఆ రచయిత్రిని సొంత దేశంలో ‘ఈనిడ్’ అంటారు. పేరు మాత్రం ఇంగ్లండ్‌ది కాదు, పక్కనున్న వేల్స్‌ది. మధ్యయుగపు వెల్ష్ కథలో గెరైంట్ అనే వీరుడి భార్య ఎనిడ్. 1859లో కవి టెన్నిసన్ ఆర్థర్ రాజు కథలను కావ్యంగా అచ్చు వేస్తూ ఆమెకు పెద్ద పీట వేశాడు. ఆ తరవాత ఇంగ్లండ్ తల్లులు కూతుళ్లకు ఆ పేరు పెట్టుకోసాగారు. వేల్స్‌లో మొదటి అచ్చు పొట్టిదే: ఎనిడ్. అంటే అడిగే దిక్కులేక మనం పలికిన తీరే అసలుకు దగ్గర!

పుట్టిన చోటు వదిలిన పేరుకు ముందు పోయేది ఉచ్చారణ. ఆ వెనకే స్పెల్లింగ్. ఆపైన అది ఆడపేరో మగపేరో, ఏ దేశానిదో కూడా తారుమారవుతుంది. వేల్స్ బయట ఉంటూ ఆడపిల్లకు వెల్ష్ పేరు పెట్టాలనుకునే అమ్మానాన్నలు తేల్చుకోవలసింది ఇదే: ఇందులో ఏది పోయినా ఓర్చుకోగలం, ఏది పోతే ఓర్చుకోలేం?

అలాంటివాళ్లు రకరకాలు. కార్డిఫ్ నుంచో స్వాన్సీ నుంచో వెళ్లి లండన్‌లో, సిడ్నీలో స్థిరపడ్డవాళ్లు. బొగ్గు గనుల కాలంలో పెన్సిల్వేనియా చేరిన ముత్తాతను తలుచుకునే అమెరికన్లు. పాటలోనో సినిమాలోనో విని మనసు పారేసుకున్నవాళ్లు. ఆ మాటకొస్తే వేల్స్‌లోనూ అందరికీ ఆ భాష రాదు. 2021 జనాభా లెక్కల్లో వెల్ష్ మాట్లాడతామని చెప్పినవాళ్లు 5,38,000 మంది, 17.8 శాతం. తప్పు పలికేవాళ్లు వీధి చివరే తగులుతారన్నమాట.

ఇంగ్లిష్ కళ్లతో చూస్తేనే చిక్కు

వెల్ష్ రాతకు మాట తప్పే అలవాటు లేదు. రాసినట్టే చదువుతారు, కాకపోతే వాళ్ల లెక్క వేరు. ఎఫ్ ఒకటి ఉంటే ‘వ’, రెండుంటే ‘ఫ’. ఎస్ పక్కన ఐ, ఆ పక్కన ఇంకో అచ్చు వస్తే ‘ష’. డబ్ల్యు, వై కూడా అచ్చులుగా పనిచేస్తాయి. కాబట్టి ఇంగ్లిష్ జేన్‌కు వెల్ష్ రూపమైన పేరును ‘సియాన్’ అని చదవకూడదు, షాన్ అనాలి. వేసవి అనే అర్థంతో పెట్టుకునే పేరు ‘హాఫ్’లా కనిపించినా పలకడం హావ్. ఊనిక దాదాపు ఎప్పుడూ చివరి నుంచి రెండో అక్షరం మీదే పడుతుంది.

‘మిక్కిలి ప్రియమైనది’ అని అర్థమున్న పాత రాచకుటుంబాల పేరు ఒకటుంది. ఇంగ్లిష్ వాళ్లు ‘ఆంగరాడ్’ అని లాక్కొస్తారు. అసలు పలుకు ‘అఙ్-హా-రద్’. క ఖ గ ఘ ఙ అని చిన్నప్పుడు వల్లించి ఆపైన మనం అటక మీద పడేసిన ‘ఙ’ ఉందే, వెల్ష్ అక్షరమాలలో దానికి సొంత చోటుంది. ఈ ఒక్క పేరు దగ్గర ఆక్స్‌ఫర్డ్ పట్టభద్రుడి కన్నా మన ఒకటో తరగతి పిల్ల నయం.

మనకూ లొంగనిది జంట ఎల్. నాలుకను ‘ల’ పలికే చోట ఆనించి, గొంతు మోగనీయకుండా, పక్కల నుంచి గాలి వదలాలి. దానికి తెలుగులో అక్షరం లేదు, ఇంగ్లిష్‌లోనూ లేదు. ఆ ధ్వని ఉన్న పేరు ఇంగ్లిష్ వాళ్ల చేతిలో ఏమవుతుందో ఏడు వందల ఏళ్ల కిందటే తేలిపోయింది.

మఠంలో మారిన పేరు

1282 వేసవి. ఉత్తర వేల్స్‌ను ఏలుతున్న లువెలిన్‌కు ఆడపిల్ల పుట్టింది. తల్లి ఎలియనోర్ కాన్పులోనే పోయింది. పిల్లకు గ్వెన్‌ల్లియన్ అని పేరు పెట్టారు. (ఆ జంట ‘ల’ దగ్గరే పైన చెప్పిన గాలి వదలాలి.) అదే ఏడు డిసెంబరులో ఇంగ్లిష్ సైన్యంతో పోరులో తండ్రి హతమయ్యాడు. ఈ పిల్ల పెరిగి పెళ్లయి కొడుకును కంటే వేల్స్ గద్దెకు వారసుడు దొరుకుతాడని ఇంగ్లండ్ రాజు ఒకటో ఎడ్వర్డ్ భయం. పాలు తాగే బిడ్డను లింకన్‌షైర్‌లోని సెంప్రింగమ్ మఠానికి పంపేశాడు. 1337లో చనిపోయేదాకా, 54 ఏళ్లు ఆమె అక్కడే సన్యాసిని. చుట్టూ వెల్ష్ మాటే లేదు. రికార్డుల్లో ఆమె పేరు ఒకచోట వెంట్లియాన్, మరోచోట వెన్సిలియన్. పేరును సరిగ్గా పలికి వినిపించే మనిషి ఒక్కరైనా ఆ గోడల మధ్య ఉండి ఉంటారని నేననుకోను.

2009లో స్నోడోనియా కొండల్లోని ఒక శిఖరానికి కార్నెద్ గ్వెన్‌ల్లియన్ అని ఆమె పేరు పెట్టారు. వేల్స్‌లో ఇప్పటికీ ఆడపిల్లలకు ఆ పేరు పెడుతున్నారు. బయట ఉండి పెట్టదలిస్తే గ్వెన్ అని పిలుచుకునే వీలుంది, అది ఎవరి నోరైనా తిరిగే పేరే.

సాగనంపితే తిరిగిరానివి

మెగన్ సంగతి చూడండి. మార్గరెట్‌కు వెల్ష్ ముద్దుపేరు. బ్రిటన్ ప్రధాని లాయిడ్ జార్జ్ కూతురు మెగన్, 1929లో వేల్స్ నుంచి గెలిచిన తొలి మహిళా ఎంపీ. ఆ పేరు అమెరికా వెళ్లి 1980ల్లో అక్కడ ఇంటింటి పేరైంది. ఈలోగా మధ్యలో ఒక హెచ్ చేరింది, కొందరికి అదనంగా ఒక ఏ చేరింది, ‘మేగన్’, ‘మీగన్’ అనే పలుకులు వచ్చాయి. ఐరిష్ పేరని చాలామంది నమ్ముతారు. ఐర్లండ్‌కు దాంతో చుట్టరికమే లేదు. ఇక అమెరికాలోని మన మేఘనలను క్లాసులో మెగన్ చేసేయడం ఆ కథకు తెలుగు అనుబంధం.

మోర్గన్ వేల్స్‌లో మగవాళ్ల పేరు, అమెరికాలో ఆడపిల్లలది. బ్రాన్వెన్‌ది ఇంకో తంటా. వెల్ష్‌లో తెలుపుకు, పుణ్యానికి వాడే మాట స్త్రీలింగంలో ‘వెన్’, పుంలింగంలో ‘విన్’. ఆస్ట్రేలియాలో, అమెరికాలో బ్రాన్విన్ అని రాయడం వాడుకైపోయింది. వెల్ష్ చెవికి అది అమ్మాయికి సుశీలుడు అని పేరు పెట్టినట్టుంటుంది. అలాగని వెళ్లి వాళ్ల పేర్లు దిద్దనక్కర్లేదు. అక్కడ రెండు మూడు తరాలుగా అది ఆడపేరే.

మన క్రైస్తవ కుటుంబాల్లో గ్లాడిస్, వినిఫ్రెడ్, జెన్నిఫర్ అనే అమ్మమ్మలూ అత్తయ్యలూ ఉంటారు. గ్లాడిస్ వేల్స్‌లో గ్వ్లాదిస్. వినిఫ్రెడ్ మూలం గ్వెన్‌ఫ్రెవి అనే పునీతురాలు, ఆమె పేరున హోలీవెల్‌లో ఉన్న ఊటబావికి ఇప్పటికీ యాత్రికులు వస్తారు. జెన్నిఫర్ నేరుగా వెల్ష్ కాదు, ఆర్థర్ రాణి గ్వెన్‌హ్వివర్ పేరుకు పక్కింటి కార్నిష్ భాష ఇచ్చిన రూపం.

పాట వల్ల పాకిన పేరు రియానన్. 1975లో ఫ్లీట్‌వుడ్ మ్యాక్ బృందం ఆల్బమ్‌లో ఆ పాట వచ్చింది. రాసిన స్టీవీ నిక్స్‌కు ఆ పేరు ఒక నవల్లో దొరికింది, వెల్ష్ పురాణం సంగతి ఆమెకు తరవాత గానీ తెలియలేదు. ఆ పురాణం మబినోగి. అందులో రియానన్ గుర్రమెక్కి నింపాదిగా పోతుంటుంది, రాజు పుయిల్ ఎంత వేగంగా తరిమినా అందదు. చివరికి ఆగమని నోరు తెరిచి అడుగుతాడు. ఆగుతుంది, ఈ మాట ముందే అడిగుంటే నీ గుర్రానికి ఆయాసం తప్పేదిగా అంటుంది. నాకు ఆ కథ మొత్తంలో ఇదే ఇష్టం. తరవాత కన్నబిడ్డను చంపిందన్న నింద మోస్తుంది. వచ్చేపోయే వాళ్లను వీపున ఎక్కించుకు మోయాలని శిక్ష. పోయాడనుకున్న కొడుకు దొరికినప్పుడు ‘నా చింత తీరింది’ అన్న ఆమె మాటలోంచే వాడికి పేరు పుడుతుంది: ప్రిదెరి. పాట విని కూతురికి రియానన్ అని పెట్టుకున్నవాళ్లు ఈ కథ కూడా దాచి ఉంచాలి, పిల్ల అడిగిన రోజు చెప్పడానికి.

కాగితం ఒప్పుకోవాలి

ఇక రిజిస్ట్రారు ఆఫీసు. షాన్ పేరులో ‘ఎ’ మీద చిన్న గొడుగు ఉంటుంది, వెల్ష్ వాళ్లు దాన్ని చిన్న కప్పు అంటారు. దీర్ఘం అదే. కాలిఫోర్నియా జనన ధ్రువపత్రాల్లో అలాంటి గుర్తులకు చోటు ఉండేది కాదు. పెట్టనివ్వాలంటూ చట్టసభ పంపిన బిల్లును 2017లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఖర్చు సాకుతో తిప్పికొట్టాడు.

అర్జెంటీనాలో మరీ గట్టిగా ఉండేది. 1865లో లివర్‌పూల్ నుంచి మిమోసా ఓడలో దాదాపు 150 మంది వెల్ష్ జనం పటగోనియా వెళ్లి వలస స్థాపించారు. గైమన్, ట్రెలెవ్ ఊళ్లలో ఇప్పటికీ ఆ భాష వినిపిస్తుంది. 1969 నాటి పేర్ల చట్టం ప్రకారం విదేశీ పేరు స్పానిష్ వాడుకలో కలిసిపోయి ఉంటేనే నమోదు. తల్లిదండ్రుల పేరే బిడ్డకు పెడతామన్నా, అది తేలిగ్గా నోరు తిరిగేదై ఉండాలి, స్పానిష్‌లో దానికి సాటి పేరు ఉండకూడదు. 2015లో కొత్త పౌరస్మృతి అమలులోకి వచ్చేదాకా ఇదే చట్టం.

ఆ వలసలోనే నాకు అన్నిటికన్నా నచ్చిన నామకరణం జరిగింది. నాయకుడు లూయిస్ జోన్స్‌కు 1870లో కూతురు పుట్టింది, బిస్కే అఖాతంలో, ఓడలో. ఓడ పేరు మివాన్వి, అదీ వెల్ష్ ఆడపేరే. సముద్రంలో పుట్టింది కనుక ఎలినెడ్ అన్న ఆమె పేరుకు మోర్గన్ అని చేర్చారు, వెల్ష్‌లో ‘మోర్’ అంటే సముద్రం. పెద్దయ్యాక ఆమె ఎలినెడ్ మోర్గన్ పేరుతోనే వెల్ష్‌లో పుస్తకాలు రాసింది. 2024లో వేల్స్ ప్రభుత్వానికి సారథి అయిన తొలి మహిళ పేరూ ఇదే, ఇద్దరికీ బంధుత్వం లేదు.

ఏది పెట్టాలి?

ప్రాచీనం అన్న మాటకు మరీ మురిసిపోవద్దు. పందొమ్మిదో శతాబ్దపు వేల్స్‌లో ఏ ఇంట చూసినా మేరీలు, ఎలిజబెత్‌లు, మార్గరెట్‌లే. పురాణ నాయికలను ఉయ్యాల్లోకి తెచ్చింది ఆ శతాబ్దం చివరి పునరుజ్జీవనం. జోసెఫ్ ప్యారీ 1878లో బ్లోద్వెన్ అనే సంగీత నాటకం ఆడించాడు, ఆ పేరూ అలాగే ఊరూరా తిరిగింది. కారిస్ ఇంకా కొత్తది, ‘ప్రేమించు’ అన్న మాట నుంచి అల్లుకున్నారు. నటి క్యాథరిన్ జీటా-జోన్స్ 2003లో పుట్టిన కూతురికి అదే పెట్టింది. చాలామంది వెల్ష్ అనుకునే ఆర్వెన్ టోల్కీన్ కల్పన. వెల్ష్ ధ్వని మీద మోజుతో ఆయన అల్లిన ఎల్ఫ్‌ల భాషలోది.

నన్నడిగితే అర్థాల జాబితాలు పక్కన పెట్టి నోటితో తేల్చుకోమంటాను. పేరును కాగితం మీద రాసి, వెల్ష్ రాని నలుగురి చేత చదివించండి. నలుగురూ ఒకేలా తప్పు చదివితే దిద్దడం తేలిక. నాలుగు రకాలుగా చదివితే పిల్ల జన్మంతా దిద్దుకుంటూ కూచోవాలి, అలాంటిది రెండో పేరుగా పెట్టుకోవచ్చు. నియ ఈ పరీక్షలో గట్టెక్కుతుంది. ఐరిష్ ‘నీవ్’ను కవి టి. గ్విన్ జోన్స్ వెల్ష్ నోటికి మలిచిన రూపమది. స్వాహిలీలోనూ ఉంది, అక్కడ దాని అర్థం లక్ష్యం, కాబట్టి ఆఫ్రికన్ అమెరికన్ ఇళ్లలోనూ వినిపిస్తుంది. సెరెన్ అంటే నక్షత్రం, చదవడంలో తడబాటు లేదు. అఙ్‌హారద్ పెట్టే ధైర్యం ఉన్నవాళ్లకు నా ఓటు, కానీ దిద్దే ఓపిక కూడా వాళ్లదే.

వేల్స్ ఆసుపత్రుల్లో పనిచేసే మన డాక్టర్ల ఇళ్లకు ఇంకో పరీక్ష ఉంటుంది, వేసవి సెలవులకు తెనాలి వచ్చినప్పుడు. అక్కడ ముద్దొచ్చే పేరు మాలి, ఇక్కడ తోటమాలి. సెయింట్ డేవిడ్ తల్లి పేరు నాన్ అంటే పనీర్ కూర ఏదని అడుగుతారు. సెరెన్‌ను తాతయ్య రెండో రోజుకే సైరన్ చేస్తాడు. నియ ఒక్కటే అక్కడా ఇక్కడా ఒకేలా పలుకుతుంది.