పల్లె చర్చికి నలుపు తెలుపు ఫోటో

కడపలో లండన్ మిషన్ పని 1822లో మొదలైంది. తర్వాత ముత్యాలపాడు, కలసపాడు వైపు ఎస్.పి.జి. మిషన్ వచ్చింది. 1876–78 కరువు తర్వాత మిషన్లలో చేరినవాళ్లు పెరిగారు, పల్లెల్లో చర్చిలూ పెరిగాయి. నడుమ ఒక తలుపు, అటొక కిటికీ, ఇటొక కిటికీ, పైన సిలువ.

ఈ సౌష్ఠవాన్ని ఫోటోలో నిలపడం చూసినంత సులువు కాదు. నేను చేసేది చెబుతాను. తలుపుకు సరిగ్గా ఎదురుగా నిలబడాలి. పక్కకు జరిగితే రెండు సగాల పోలిక చెడుతుంది. కెమెరా పైకెత్తితే గోడలు లోపలికి వాలినట్టు పడతాయి. అందుకని వెనక్కి నడిచి, కెమెరాను మట్టంగా పట్టుకోండి. సున్నం గోడను మీటరు బూడిదరంగుగా లెక్కవేస్తుంది. అది చెప్పినదానికన్నా ఒకటిన్నర స్టాపు ఎక్కువ వెలుతురిస్తేనే తెలుపు తెలుపుగా వస్తుంది. నారింజ ఫిల్టరు పెడితే మన నీలాకాశం ముదిరి గోడ తేలుతుంది. ఫిల్టరు మింగే వెలుతురును మాత్రం లెక్కలో కలుపుకోవాలి.

ఇక మెట్ల దగ్గర చెప్పులు. అవి ఒకవైపే కుప్పగా ఉంటాయి. తీసెయ్యమని మిత్రులంటారు. నేను తీయను. వేరేచోట్ల గడప తొక్కనివ్వని మాల, మాదిగ కుటుంబాలు నడిమి తలుపు గుండానే లోపలికి నడిచిన చోటు ఇది. ఆ చెప్పులు ఫోటోలో ఉండాల్సిందే.