వినుకొండ రోమను నాణెములు: కడపటి నాణెము తెలుపు కాలము
1889లో నాటి కృష్ణా మండలమందలి వినుకొండలో 15 రోమను బంగారు నాణెములు ఒక్కచోట లభించినవి. వానిలో ప్రాచీనమైనవి టైబీరియస్ (క్రీ.శ. 14–37) కాలమునకు, కడపటివి కారకల్లా (198–217) కాలమునకు చెందినవి. నిక్షేపకాలమును నిర్ణయించునది ఈ కడపటి నాణెమే. అది ముద్రితము కాకముందే ఆ నిధిని పూడ్చియుండుట అసంభవము గదా! టైబీరియస్ నాణెమొక్కటియే మిగిలియున్నచో, పరిశోధకుడు 160 ఏండ్లకు పైగా వెనుకకు పోవుటకు అవకాశము కలదు. కావున సేకర్తలు నచ్చిన నాణెములను ఏరుకొని పోవుట, కంసాలి మూసలో కరగించుటకంటె చరిత్రకు తక్కువ నష్టము కాదు. 1878 నాటి నిక్షేపనిధి చట్టము పది రూపాయలకు మించిన నిధిని కలెక్టరునకు తెలుపవలెనని విధించినది. ముమ్మిడివరపు కొబ్బరితోటలో అట్టి కుండ బయటపడినను, పెంకులను భద్రపరచి, దొరకిన లోతును, నాణెముల సంఖ్యను వ్రాసియుంచవలెను, చింతపండుతో తోమరాదు.