అమ్మమ్మ సవరంతో ముగ్గేశా!

అమ్మమ్మ పోయాక నెల రోజులకు ఆవిడ ట్రంకుపెట్టె తెరిచాం. కలరా ఉండల వాసన. మడతపెట్టిన నేత చీరలు, రేషన్ కార్డు, అడుగున పాత తువ్వాలులో చుట్టి ఒక సవరం. మూడు పాయలు, పైన నల్లదారంతో కట్టిన ముడి. అమ్మమ్మ వయసులో ఉన్నప్పుడు రాలిన తన జుట్టునే పోగుచేసి కట్టించుకుందట. నిన్ననే తల దువ్వి తీసినట్టు నల్లగా నిగనిగలాడుతోంది.

పక్కనే హార్లిక్స్ సీసాలో ఇంకో ఉండ. ఇది తెల్లది. చివరి రోజుల్లో దువ్వెనకు వచ్చిన చిక్కు. మా ఊళ్లో మైకు పెట్టుకుని బండి మీద తిరిగే చిక్కు వెంట్రుకలబ్బాయికి ఇచ్చి స్టీలు గిన్నె తీసుకోవాలని దాచుకుంది. ఆ గిన్నె బాకీ ఉండిపోయింది.

‘‘పోయినవాళ్ల వెంట్రుకలు ఇంట్లో ఉండకూడదు. రేపు గోదాట్లో కలిపేస్తా’’ అంది అమ్మ. నేను సరేనన్నా. రాత్రి రెండూ తీసి బ్యాగులో పెట్టేసుకున్నా. హైదరాబాద్ హాస్టల్‌కి వచ్చాక ఫోన్‌లో చెప్తే, ‘‘నీకేమన్నా పిచ్చి పట్టిందా?’’ అని పెట్టేసింది. వారం రోజులు మాట్లాడలేదు.

చెత్తా? సొత్తా?

నిజానికి జుట్టు విషయంలో మనదంతా తికమకే. తల మీద ఉంటే పూలు పెడతాం. అన్నంలో కనిపిస్తే కంచం తోసేస్తాం. తిరుమల కల్యాణకట్టలో మొక్కుగా ఇస్తాం. ఆ తలనీలాల వేలం మీద టీటీడీకి ఏటా వంద కోట్ల రూపాయలకు పైనే వస్తుంది. దువ్వెనకు వచ్చే చిక్కుదీ పెద్ద వ్యాపారమే. కర్ణాటకలోని కొప్పళ, బెంగాల్‌లోని ముర్షిదాబాద్ వైపు ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని ఆ ఉండల్ని పోగు పోగుగా విడదీస్తారు. చివరికి అవి ఎవరి తల మీదో విగ్గులవుతాయి.

సరే, నేను దీంతో ఏం చేయాలి? వెతకడం మొదలుపెట్టా. జుట్టుతో కుట్టినవాళ్లు, నేసినవాళ్లు చాలామందే ఉన్నారు! చైనాలో బౌద్ధ స్త్రీలు తమ తలవెంట్రుకలనే దారంగా చేసుకుని బుద్ధుడి బొమ్మలు కుట్టేవారు. అదో భక్తి. ఇంగ్లండ్‌లో విక్టోరియా రాణి కాలంలో పోయినవాళ్ల జుట్టును అల్లి గొలుసులు, లాకెట్లు చేయించుకునేవారు. చైనాలో పుట్టిన గు వెండా అనే కళాకారుడు 1993 నుంచి రకరకాల దేశాల జనం జుట్టు సేకరించి, గోడలంత తెరలు చేశాడు.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఇద్దరు. పాలస్తీనా మూలాలున్న మోనా హతూమ్, అరబ్బు మగవాళ్లు తలకు చుట్టుకునే గళ్ల గుడ్డను ఆడవాళ్ల వెంట్రుకలతో చేసింది. కొసలు గుడ్డ అంచు దాటి వేలాడుతుంటాయి. చూస్తే ఒళ్లు జలదరిస్తుంది, కళ్లు తిప్పుకోలేం. రెండో ఆవిడ మన పక్క రాష్ట్రమే. భద్రావతిలో పుట్టిన షీలా గౌడ. దిష్టి తగలకుండా బండి బంపర్లకు జుట్టు తాళ్లు కడతారు కదా, ఆవిడ అలాంటి తాడునే దాదాపు 4 కిలోమీటర్లు తీసుకుని, 20 కారు బంపర్లను వేలాడదీసింది. 2009లో చేసిన ఆ పని ఇప్పుడు లండన్‌లోని టేట్ మ్యూజియం సేకరణలో ఉంది.

అప్పుడు అనిపించింది. నా దగ్గర 4 కిలోమీటర్లు లేదు. ఒక సవరం, ఒక సీసా ఉన్నాయి. జేబురుమాలంత బొమ్మ చాలదూ?

ఆ ఒక్క రాత్రి

ఇక్కడే ఘోరం చేశా. సీసాలో తెల్ల జుట్టు మురికిగా ఉంది, క్రిములుంటాయేమోనని భయం. బాత్రూం కడిగే బ్లీచ్ రెండు మూతలు నీళ్లలో కలిపి, ఉన్నదాంట్లో సగం నానబెట్టి పడుకున్నా. పొద్దున లేచి చూస్తే మగ్గులో జుట్టు లేదు. జిగురుగా ఏదో తేలుతోంది. చేత్తో పట్టుకుంటే వేళ్ల మధ్య నుంచి జారిపోయింది.

తర్వాత తెలిసింది. వెంట్రుక అంటే కెరాటిన్ అనే ప్రొటీన్. గొర్రె ఉన్ని, మన గోళ్లు కూడా అదే. ఆ ప్రొటీన్ గట్టిది కాబట్టే సవరం ఏళ్ల తరబడి చెక్కుచెదరలేదు. కానీ బట్టలకు, బాత్రూంలకు వాడే బ్లీచ్ దాన్ని కరిగించేస్తుంది. దారం పోతే కొట్లో కొనుక్కుంటాం. అమ్మమ్మ జుట్టు ఏ కొట్లో దొరుకుతుంది? హాస్టల్ బాత్రూంలో కూర్చుని ఏడ్చేశా. అమ్మ మాట విని గోదాట్లో కలిపినా బాగుండేది, నేను డ్రైనేజీలో కలిపా.

రెండు నెలలు దాని జోలికి వెళ్లలేదు.

37 చుక్కలు

మళ్లీ పట్టుకోవడానికి కారణం మా వీధిలో మగ్గం వర్క్ చేసే అక్క. సంగతి చెప్తే మొహం చిట్లిస్తుందనుకున్నా. సవరం చేతిలోకి తీసుకుని, ‘‘పట్టు కంటే నున్నగా ఉందే’’ అంది. కుట్టడం కాదు, పరిచి పట్టివేయమంది. జర్దోసీ తీగను గుడ్డ మీద పరిచి పైనుంచి సన్నదారంతో కుట్లేస్తారు కదా, అలా. వెంట్రుకను సూదిలో ఎక్కించి లాగితే తెగుతుంది, ముడేస్తే జారుతుంది. పరిస్తే మాట వింటుంది.

అమ్మమ్మ నేత చీర ముక్కనే గుడ్డగా తీసుకున్నా. బొమ్మ ఏదంటే రెండో ఆలోచన లేదు. ఆవిడ రోజూ వాకిట్లో పెట్టిన మెలికల ముగ్గు. ఏడు చుక్కలు, నాలుగు వరకు సందు చుక్క. మొత్తం 37. గీత ఎక్కడా తెగదు. సవరంలోని నలుపుతో మొదలుపెట్టి, మెల్లగా తెలుపు కలుపుకుంటూ, పూర్తి తెలుపుతో ముగించాలి. ఆవిడ జీవితమంతా ఒకే గీత అన్నమాట.

రోజుకు రెండు మూడు అంగుళాలే నడిచింది. చివరి మూలకు వచ్చేసరికి తెల్ల జుట్టు అయిపోయింది. ఆ రాత్రి మగ్గులో కరిగిపోయింది ఉండుంటే సరిపోయేదే. గీత కలవలేదు.

మీరూ ట్రై చేస్తారా?

• గోరువెచ్చటి నీళ్లు, కొంచెం షాంపూ చాలు. బ్లీచ్ వద్దే వద్దు. నీడలో ఆరబెట్టండి.
• కుట్టేముందు తడి చేయండి. తడి వెంట్రుక తేలిగ్గా వంగుతుంది.
• మూడు నాలుగు కలిపి పరవండి. ఒక్కటైతే కనిపించదు.
• ఇంకొకరి జుట్టయితే అడిగి తీసుకోండి. నాలా దొంగతనం చేయొద్దు!

సంక్రాంతికి ఇంటికెళ్లా

అమ్మకు చూపించాలంటే భయమేసింది. భోగి ముందు రోజు రాత్రి, అమ్మ ముగ్గుపిండి కలుపుతుంటే పక్కన పెట్టా. బ్లీచ్ సంగతి కూడా దాచకుండా చెప్పా. తిడుతుందనుకున్నా. చాలాసేపు చూసి, వేలితో గీత వెంట నడిచింది.

‘‘ఈ మెలిక తప్పేశావే. మా అమ్మ ఇటు తిప్పదు, అటు’’ అంది. తర్వాత ఖాళీ మూల దగ్గర వేలు ఆగింది.

ఏమీ అనలేదు. లేచి వెళ్లి జడ విప్పి దువ్వుకుంది. దువ్వెనకు వచ్చినవి వేలికి చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. అమ్మ జుట్టు ఎప్పుడు ఇంతలా నెరిసిందో నేను గమనించనే లేదు.

‘‘పూర్తిచెయ్యి. కానీ గోడకి మాత్రం పెట్టకు, నాకు చూడ్డం కష్టం’’ అంది.

గోడకి పెట్టలేదు. ఇప్పుడది అమ్మమ్మ ట్రంకుపెట్టెలోనే ఉంది, అదే తువ్వాలులో. తప్పిన మెలికను మాత్రం విప్పి, అటు తిప్పా.