ఫ్రీజర్‌లో వంట.. పొదుపుకు బాట
చల్లార్చడంలో, కరిగించడంలో అశ్రద్ధ చేస్తే చేటు

కర్లపాలెం: నాట్లు, కలుపుతీతలు ముమ్మరంగా సాగే రోజుల్లో కర్లపాలెం మండలంలోని పల్లెల్లో చీకటితోనే పొయ్యి వెలుగుతుంది. వేకువనే అన్నం, కూర వండి క్యారేజీ కట్టుకుని పొలం వెళ్లిన మహిళలకు సాయంత్రం మళ్లీ వంట తప్పదు. ఓపిక లేనినాడు కర్రీ పాయింట్‌ వైపు అడుగులు పడతాయి. నెలకు నాలుగైదుసార్లు ఇలా కొంటే నలుగురున్న ఇంటి బడ్జెట్‌లో తేడా కనిపిస్తుంది. ఫ్రిజ్‌లోని ఫ్రీజర్‌ను ఐసుముక్కలకే పరిమితం చేయకుండా వాడుకుంటే ఈ భారాన్ని చాలావరకు తగ్గించుకోవచ్చు. అయితే పద్ధతి తెలియకుండా దాచిన కూర పొదుపు మాట అటుంచి ఆసుపత్రి ఖర్చు తెచ్చిపెడుతుంది.

చవకగా ఉన్నప్పుడే..

పొదుపు మొదలయ్యేది ఫ్రీజర్‌లో కాదు, సంతలో. 2023 జులై నెలాఖరులో మదనపల్లె మార్కెట్‌లో మేలురకం టమాటా కిలో రూ.200 దరిదాపులకు చేరింది. అదే పంటను గిట్టుబాటు లేక రైతులు పారబోసిన సందర్భాలూ ఉన్నాయి. ధర తక్కువగా ఉన్నప్పుడు కొని, ఉడికించి, గుజ్జు తీసి దాచుకుంటే పప్పుకు, పులుసుకు, కూరకు అక్కరకొస్తుంది. గోంగూరను కాస్త నూనెలో మగ్గించి, చల్లార్చి ముద్దలుగా పెట్టుకోవచ్చు. కొబ్బరి తురుము, అల్లం వెల్లుల్లి ముద్ద, చింతపండు గుజ్జు, ఉడికించి మెదిపిన కందిపప్పు కూడా బాగా నిలుస్తాయి. చిక్కుడు, బీన్స్‌ వంటివాటిని మరిగే నీటిలో రెండు మూడు నిమిషాలు ఉంచి, వెంటనే చన్నీటిలో వేసి, తడి ఆర్చి పెడితే రంగు, రుచి చెడవు.

ఇడ్లీలను కూడా ఇలా దాచి, తిరిగి ఆవిరిపై వేడిచేసుకోవచ్చు. బంగాళాదుంప ముక్కల కూర, ఉడికించిన కోడిగుడ్లు, పెరుగుతో చేసిన పులుసు మాత్రం ఫ్రీజర్‌కు పనికిరావు. దుంప బరకగా మారుతుంది, గుడ్డు తెల్లసొన రబ్బరులా సాగుతుంది, పెరుగు విరుగుతుంది.

చలికి చావవు.. నిద్రపోతాయి

ఫ్రీజర్‌లో పెడితే సూక్ష్మక్రిములు చనిపోతాయన్నది అపోహ. మైనస్‌ 18 డిగ్రీల సెల్సియస్‌ వద్ద వాటి పెరుగుదల ఆగుతుందే తప్ప చాలా రకాలు బతికే ఉంటాయి. కరగడం మొదలుకాగానే మళ్లీ విజృంభిస్తాయి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య అవి వేగంగా పెరుగుతాయి. అందుకే వండిన పదార్థాన్ని రెండు గంటల్లోపు చల్లార్చి లోపల పెట్టాలి. 32 డిగ్రీలు దాటే ఎండాకాలంలో గంటకు మించి బయట ఉంచరాదు.

గిన్నెడు పులుసును అలాగే వదిలేస్తే మధ్యభాగం గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. వెడల్పాటి పళ్లెంలో పోసి, ఆ పళ్లెాన్ని చన్నీటిలో ఉంచితే త్వరగా చల్లారుతుంది. తర్వాత ఒక పూటకు సరిపడే చిన్న స్టీలు డబ్బాల్లో సర్దుకోవాలి. నీరు గడ్డకట్టినప్పుడు వ్యాకోచిస్తుంది కాబట్టి డబ్బా పైన వేలెడు ఖాళీ వదలాలి. ప్రతి డబ్బాపై తేదీ రాసి అంటించాలి. మైనస్‌ 18 డిగ్రీలు నిలకడగా ఉంటే కూరలు రెండు మూడు నెలలు రుచి తగ్గకుండా ఉంటాయి. ఒకే తలుపున్న చిన్న ఫ్రిజ్‌లలో అంత చల్లదనం ఉండకపోవచ్చు. ఐస్‌క్రీం గట్టిగా నిలవని ఫ్రీజర్‌లో పెట్టినవి వారం, పది రోజుల్లో వాడేయడం మేలు.

చేపలకు తొలి గంటలే కీలకం

నిజాంపట్నం, సూర్యలంక తీరాలు చేరువలోనే ఉన్నందున చేపలు, రొయ్యలు చవకగా దొరికినప్పుడు ఎక్కువగా కొనడం ఇక్కడ పరిపాటి. కానాగంత వంటి చేపలు కొద్ది గంటలు ఎండన పడితే వాటిలో హిస్టమిన్‌ పేరుకుపోతుంది. దీనివల్ల ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి కలుగుతాయి. ఎంత ఉడికించినా, ఎంతకాలం ఫ్రీజర్‌లో ఉంచినా ఈ విషం పోదు. అందువల్ల కొన్నచోటే ఐసు వేయించుకుని, ఇంటికి రాగానే శుభ్రం చేసి, పూటకో పొట్లంగా అదేరోజు పెట్టేయాలి.

కరిగించే తీరు

రేపటి కూరను ఈ రాత్రే ఫ్రీజర్‌ నుంచి ఫ్రిజ్‌ కింది అరలోకి మార్చుకోవాలి. వంటగది గట్టుపై రాత్రంతా వదిలితే పైభాగం పాడవుతుంది. తిరిగి వేడిచేసేటప్పుడు అడుగు వరకు కలుపుతూ కుతకుత ఉడికించాలి. అలా వేడిచేసినది మిగిలితే మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టరాదు.

కరెంటు పోతే..

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. ఈదురుగాలులకు స్తంభాలు కూలి సరఫరా స్తంభించింది. తీరప్రాంత వాసులకు ఇది కొత్త కాదు. తలుపు తెరవకుండా ఉంచితే నిండుగా ఉన్న పెద్ద ఫ్రీజర్‌ సుమారు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లదనాన్ని నిలుపుకొంటుంది. చిన్న ఫ్రీజర్‌లో ఈ వ్యవధి ఇంకా తక్కువ. కింది అరల్లోని వండిన పదార్థాలకు గడువు నాలుగు గంటలే. ఖాళీ చోట్ల నీటి సీసాలు పెట్టుకుంటే చల్లదనం మరికొంతసేపు నిలుస్తుంది.

ఇల్లు వదిలి పునరావాస కేంద్రానికి వెళ్లేవారికి మరో ఉపాయం ఉంది. గిన్నెలో నీరు గడ్డకట్టించి, దానిపై రూపాయి నాణెం ఉంచి ఫ్రీజర్‌లోనే వదిలి వెళ్లాలి. తిరిగొచ్చేసరికి నాణెం అడుగున ఉంటే లోపలివన్నీ కరిగి, సరఫరా వచ్చాక మళ్లీ గడ్డకట్టాయని అర్థం. అటువంటివి చూపుకు, వాసనకు బాగానే ఉన్నా పారబోయాల్సిందే. నాణెం పైనే ఉండి, పదార్థాల్లో ఐసు పలుకులు గట్టిగా ఉంటే వాడుకోవచ్చు.

కొత్తగా మొదలుపెట్టేవారు ఒక్కసారే ఫ్రీజర్‌ నింపేయనక్కర్లేదు. పప్పు, టమాటా గుజ్జు వంటి తేలికైనవి రెండు మూడు డబ్బాలు పెట్టి చూసుకుంటే ఇంటి ఫ్రీజర్‌ సత్తా తెలిసిపోతుంది. పనికి వెళ్లి అలసి వచ్చిన పూట అన్నం ఒక్కటి వండుకుంటే చాలు.